మేకు మీద తాళంచెవి

ఆ ఏడు మా కరువుసీమ కారిరీలో వానలు బాగా పడ్డాయి. మార్చి నెలాఖరుకే పెరట్లో నేలలోకి దించి కట్టిన వాననీళ్ళ తొట్టి గొంతు దాకా నిండింది. తెలివితక్కువదాన్ని, సంబరపడిపోయి దాని ఫోటో తీసి రెసీఫే నగరంలో ఉన్న మా చెల్లెలు జుసారాకి పంపాను. పది నిమిషాలు కాకుండానే ఫోన్ చేసింది.

"అక్కా, ఆ నీళ్ళు వాడెయ్యకండి. ఈ ఏడే తీసేస్తాను."

"ఏం తీస్తావే?"

"సినిమా. మనింట్లోనే."

జుసారా సినిమాలు తీస్తుందని ఊరంతటికీ తెలుసు. ఒక్కటి కూడా ఎవరూ చూసి ఎరగరు. అవి ఎక్కడెక్కడో పరదేశాల్లో ఆడతాయి, పేపర్లో దాని ఫోటో పడుతుంది, అమ్మ ఆ కాగితం కత్తిరించి కన్యమరియ పటం వెనక దాచుకుంటుంది. ఈసారిది భయపెట్టే సినిమా అంది. నీళ్ళ తొట్టి అడుగున ఇంకో ఆకాశం ఉంటుందట. ఆ ఆకాశంలో ఏదో ఒకటి ఉంటుందట. దానికి రూపం లేదు, పేరు లేదు. తొట్టిలోకి వంగి ఎవరైనా అరిస్తే ఆ అరుపు మింగేసి, చచ్చిపోయిన మనవాళ్ళ గొంతుతో జవాబు చెబుతుందట.

"దెయ్యమా?" అన్నాను.

"దెయ్యానికి మనతో పనుంటుందక్కా. పగో, ఆశో ఏదో ఒకటి. దీనికి మనం చీమలపాటి కూడా కాదు. అదే భయం."

"అందులో పిల్లలెవరూ పోరు కదా?"

"మన బెంటో కథ కాదక్కా. అమ్మ మీద ఒట్టు" అంది.

బెంటో సంగతి ఇక్కడే చెప్పేస్తాను, మళ్ళీ చెప్పే ఓపిక నాకుండదు. వాడు మా తమ్ముడు. మూడేళ్ళ వయసులో ఆ తొట్టిలోనే పడి పోయాడు. జుసారాకి అప్పుడు ఆరేళ్ళు. నేను పెద్దదాన్ని. రోజూ సాయంత్రం తొట్టిలోంచి బకెట్ నీళ్ళు తోడి, చెక్కమూత వేసి, తాళం నొక్కి, తాళంచెవి తెచ్చి వంటింట్లో మేకుకి తగిలించడం నా పని. నొక్కితే పడిపోయే తాళం అది, తియ్యడానికే చెవి కావాలి. వాడు పోయినరోజు మూత పక్కకి జరిగి ఉంది. తాళం నోరు తెరుచుకుని కొక్కేనికి వేలాడుతోంది. తాళంచెవి మాత్రం మేకు మీద బుద్ధిగా ఉంది. అంటే పెద్దది తాళం నొక్కకుండానే చెవి పట్టుకొచ్చి తగిలించేసిందన్నమాట. ఎవరైనా అలాగే అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ సాయంత్రం 'టక్' మన్న చప్పుడు విన్నానా, లేదా? ముప్ఫై నాలుగేళ్ళు అదే గుర్తు చేసుకుంటూ గడిపాను. ఒక్కోసారి విన్నట్టే ఉండేది. అంతలోనే అది ముందురోజు చప్పుడేమో అనిపించేది.

మా వైపు పసివాళ్ళు పోతే ఏడవకూడదు. వాళ్ళు నేరుగా దేవదూతలైపోతారు. ఏడిస్తే ఆ కన్నీళ్ళకి రెక్కలు తడిసి పైకి ఎగరలేరు. నీలిరంగు పెట్టెలో, చుట్టూ కాగితప్పూలతో బెంటోని పడుకోబెట్టినప్పుడు అమ్మ కన్ను చెమ్మగిల్లలేదు. నాకు మాత్రం ఒక్క వెక్కు బయటికొచ్చేసింది. అమ్మ చెంప మీద కొట్టి, "ఇప్పటిదాకా చేసింది చాలదూ? ఇంక వాణ్ణి ఎగరనివ్వవా?" అంది.

మళ్ళీ ఎన్నడూ కొట్టలేదు, ఆ మాట ఎత్తనూ లేదు. నా చేతి మంచినీళ్ళు తాగడం మాత్రం మానేసింది. నేను వండితే తింటుంది, కాఫీ పెడితే తాగుతుంది. వట్టి నీళ్ళు కావాలంటే మాత్రం తనే లేచి వెళ్ళి కుండలోంచి ముంచుకుంటుంది. మోకాళ్ళు పోయాక కూడా గోడ పట్టుకుని వెళ్ళేది. ఆ కుండ దాకా వెళ్ళే అమ్మ చెప్పుల చప్పుడు రోజుకి అయిదారుసార్లు వినేదాన్ని.

అందుకే నేను ఇల్లు కదల్లేదు. ఎదురింటి క్లోవిస్ నన్ను రెండుసార్లు పెళ్ళికి అడిగాడు, రెండుసార్లూ "అమ్మనెవరు చూస్తారు?" అన్నాను. మూడోసారి వేరే పిల్లని అడిగాడు. తప్పు చేసినదాన్ని, తీర్చుకోవాలి కదా అని నా లెక్క.

సినిమావాళ్ళు మే నెలాఖరులో దిగారు. ఇరవైమంది, మూడు వ్యాన్లు, బోలెడు తీగలు. తొట్టి మూతికి కింద బకెట్ మునిగేంత జాగా వదిలి ఇనుప జల్లెడ బిగించి, పిల్లలు పడకుండా ఏర్పాటు చేశారు. ఆ పని మా నాన్న బతికుండగా చేసి ఉంటే బాగుండేదనుకుని ఊరుకున్నాను. వంట నాకప్పగించారు. పొద్దున్నే ఆవిరి మీద ఉడికించిన మొక్కజొన్న రవ్వ కుస్కుజ్, గుడ్లు. మధ్యాహ్నం బీన్సు, అన్నం, మేకమాంసం. ఇదంతా కాక ఆ రూపంలేనిదానికి కూడా నేనే వండాలి. తొట్టి నీళ్ళ మీద తేలే జిగురు కావాలట. వాళ్ళు నగరం నుంచి తెచ్చిన మందు ఎండకి విరిగిపోయింది. నేను కర్రపెండలం పిండి చిక్కగా ఉడకబెట్టి, బీట్‌రూట్ రసం పిండి ఇచ్చాను. కెమెరా అతను అది చూసి ఎగిరి గంతేశాడు.

వంటకి కట్టెలు తెచ్చిన క్లోవిస్ గిన్నెలోకి తొంగిచూశాడు.

"ఇదేంటి లిండాల్వా, నాకేనా?"

"రాక్షసుడికి గంజి. నీకూ కావాలంటే ఉప్పేసి పెడతాను."

"ఒద్దులే తల్లీ. వాడికే పెట్టు. నీ చేతి వంట తింటే వాడు మనుషుల్ని తినడం మానేస్తాడు."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ రెండువారాలూ ఇల్లు కళకళలాడింది. అమ్మ తలకి రంగు కూడా వేయించుకుంది. జుసారా పొద్దున లేవగానే వచ్చి నా భుజమ్మీద గడ్డం ఆనించి, పొయ్యి దగ్గరే నిలబడి కాఫీ తాగేది. చిన్నప్పుడూ అంతే. నేను పోసిన దాంట్లోంచి మొదటి గుక్క తనదే.

సినిమాలో ఇద్దరు అక్కచెల్లెళ్ళున్నారని అప్పుడే తెలిసింది. ఆ వేషాలకి మా ఊరి బడిలోంచే పిల్లల్ని తీసుకున్నారు. పెద్దమ్మాయి వేషం వేసే పిల్ల సగం బకెట్ మొయ్యడానికే ఆయాసపడుతోంది.

"ఇంత పసిదాన్ని పెట్టావేంటే?" అన్నాను.

"వయసు చూసే పెట్టానక్కా" అంది జుసారా, నా వైపు చూడకుండా.

చిన్నమ్మాయి వేషం లువానాది. గడుగ్గాయి. ఏం మిగిలిందో చూడటానికి రోజూ వంట దగ్గరికి వచ్చేది. ఒకరోజు వేలితో జిగురు గోకుతూ, "అత్తా, చివరికి అక్క ఏమవుతుందో తెలుసా?" అంది.

"ఏమవుతుంది? అది మింగేస్తుందా?"

"ఉహూ. అదేం చెయ్యదు. అక్క తొట్టి పక్కన కూర్చుని ఉంటుంది. అలా కూర్చునే పెద్దదైపోతుంది. జుట్టు తెల్లబడుతుంది. చెల్లెలు ఊరు వెళ్ళిపోతుంది."

"మరి తమ్ముడో?"

లువానా వేలు నోట్లోంచి తీసి నాలిక కరుచుకుంది. "అది చెప్పొద్దన్నారు."

బెంటో గుర్తొచ్చాడు. అయినా ఒట్టు పెట్టింది కదా, అదీ అమ్మ మీద. సినిమాల్లో తమ్ముళ్ళు ఉండకూడదా అని సర్దుకున్నాను. ఆమాత్రం నమ్మకపోతే ఎలా, సొంత చెల్లెల్ని?

జూన్ రెండోవారంలో వంటింట్లో షూటింగ్. నా పొయ్యి పెరట్లోకి మారింది. డైరెక్టరుగారి తల్లి అని, కెమెరాలో పడేది కనిపించే చిన్న టీవీ పక్కనే అమ్మకి కుర్చీ వేశారు. నేను కాఫీ ఫ్లాస్కు పట్టుకుని వంటింటి కిటికీ బయట నిలబడ్డాను.

ముందు తొట్టి దగ్గర పెద్దమ్మాయి. బకెట్ తోడింది, మూత వేసింది, తాళం నొక్కింది.

"కట్" అంది జుసారా. "టక్ అని వినపడలేదు. గట్టిగా నొక్కమ్మా. అక్క తాళం వేసింది. అందులో ఎవ్వరికీ అనుమానం ఉండకూడదు."

ఆ పిల్ల మళ్ళీ నొక్కింది. టక్.

అప్పుడు నేనేమనుకున్నానో చెబితే నవ్వుతారు. చెల్లెలు నామీద జాలిపడి, నా తప్పు సినిమాలో లేకుండా చేసిందనుకున్నాను. కళ్ళు చెమర్చాయి కూడా. ఎంత మంచిదే నువ్వు అని మనసులోనే అనుకున్నాను.

తర్వాత వంటింట్లో లువానా. స్టూలు ఈడ్చుకొచ్చి, ఎక్కి, మేకు మీది తాళంచెవి తీసింది. తొట్టి దగ్గరికి పరిగెత్తి తాళం తీసింది, మూత జరిపింది, లోపలికి వంగి తన పేరు పెట్టి అరిచింది. లోపల్నుంచి గొంతు తిరిగొచ్చింది. మళ్ళీ అరిచింది. వెనకనుంచి పసివాడి గొంతు, "నేనూ, నేనూ" అంది. వీధివైపు నుంచి ఎవరో పిలిచారు. లువానా ఉలిక్కిపడి, మూత అలాగే వదిలేసి ఇంట్లోకి ఉరికొచ్చి, స్టూలెక్కి తాళంచెవి మేకుకి తగిలించింది.

"కట్. అలా కాదు తల్లీ" అంది జుసారా. "తాళంచెవి తడిగా ఉందిగా? తడిగా ఉంటే పట్టేస్తారు. ముందు గౌనుకి తుడువు. రెండువైపులా. తుడిచాక తగిలించు. దిగి, స్టూలు మళ్ళీ గోడకి జరుపు."

లువానా మళ్ళీ చేసింది.

"గోడకి ఆనించాలమ్మా. ఆ గీత కనిపిస్తోంది చూడు, దాని దాకా."

మా వంటింటి గోడ మీద స్టూలు ఆని ఆని ఒక గీత పడి ఉంటుంది. అది మా ఇంట్లో ఉన్నవాళ్ళకే తెలుసు. కానీ తడి తాళంచెవి సంగతి మా ఇంట్లో ఉన్నవాళ్ళకి కూడా తెలియదు. తుడిచినవాళ్ళకే తెలుస్తుంది.

ఏడుసార్లు చేయించింది. ఏడోసారి కూడా నచ్చలేదు. "ఉండు, నేను చూపిస్తా" అని తనే స్టూలెక్కింది. నలభై ఏళ్ళ మనిషి, జీన్స్ ప్యాంటు వేసుకున్న మనిషి, లేని గౌను అంచు వేళ్ళతో పట్టుకుని తాళంచెవి తుడిచింది. ఒకవైపు, ఇంకోవైపు. వాకిలి వైపు ఒక్కసారి చూసింది. తగిలించింది. దిగి, మోకాలితో స్టూలు గోడకి నెట్టింది. అది గీతకి సరిగ్గా ఆనింది.

దిగాక అక్కడే కూలబడి ఏడ్చింది. వాళ్ళంతా చుట్టూ చేరారు. ఒకమ్మాయి కావిలించుకుంది. కెమెరా అతను కళ్ళు తుడుచుకున్నాడు. ఎవరో చప్పట్లు మొదలెడితే అందరూ కొట్టారు. ఎంత ధైర్యం, ఎంత ధైర్యం అన్నారు. అమ్మ కుర్చీలో కదలకుండా, ఆగిపోయిన బొమ్మ వైపే చూస్తోంది.

నేను లోపలికి వెళ్ళి అందరికీ కాఫీ పోశాను. పంచదార సరిపోయిందా అని కూడా అడిగాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పెరట్లో కంచాలు కడుగుతుంటే జుసారా వచ్చి పక్కన గొంతుక్కూర్చుంది.

"చూశావా అక్కా?"

"చూశాను. స్టూలు బాగా ఆనింది."

"నీకు చెప్పడానికే ఈ సినిమా. పన్నెండేళ్ళుగా రాస్తున్నాను. నోటితో చెప్పలేకపోయాను."

"నాకు చెప్పడానికి ఇరవైమంది ఎందుకే? నేను వంటింట్లోనే ఉన్నానుగా. ముప్ఫై నాలుగేళ్ళుగా వంటింట్లోనే ఉన్నాను."

"భయమేసిందక్కా. రోజూ వాడు పిలుస్తాడు నన్ను. ట్యాప్ తిప్పితే పిలుస్తాడు, స్నానాల గదిలో పిలుస్తాడు. 'నేనూ, నేనూ' అని. ఇందులో నేను కల్పించింది ఏమీ లేదు."

పాపం అనిపించింది. అలా అనిపించినందుకే నాకు ఇంకా ఒళ్ళు మండింది. ముప్ఫై నాలుగేళ్ళు మోశాక జాలిపడే పని కూడా నాదేనా?

"నువ్వు రెసీఫే వెళ్ళేనాడు బస్టాండులో నీకు ఒకటి చెప్పాను" అన్నాను. "ఆ టక్ గుర్తు రావట్లేదే, పిచ్చెక్కిపోతోందే అని. నువ్వు నా చెయ్యి పట్టుకుని ఏమన్నావు?"

లేవబోయింది.

"చెప్పు."

"పోనీలే అక్కా... నువ్వు కావాలని చెయ్యలేదుగా, అన్నాను."

"ఆ మాట సినిమాలో పెట్టావా?"

"లేదు."

"ఎందుకు పెట్టలేదు?"

అంత భయంకరమైన సినిమా తీస్తూ, అసలు ఒళ్ళు జలదరించాల్సిన చోటు వదిలేసింది మా చెల్లెలు.

"సినిమా మొదట్లో 'మా అక్క లిండాల్వాకి' అని వేస్తాను" అంది చివరికి.

"వద్దు. 'వంట, లిండాల్వా' అని వెయ్యి. దొంగ ఒట్టు పెట్టి మరీ వండించుకున్నావు."

లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత వారంరోజులూ పొద్దున కాఫీకి పొయ్యి దగ్గరికి రాలేదు. వాళ్ళ మనుషుల చేత తెప్పించుకుంది.

సావ్ జువావ్ మంటల పండగ ముందురోజు వ్యాన్లు వెళ్ళిపోయాయి. తొట్టిలో బీట్‌రూట్ జిగురు పడ్డ నీళ్ళు తోడి పారబోయించారు, నిండుగా ఉన్న తొట్టిలో మూడోవంతు పోయింది. ఇంటింటి ముందూ మంటకి కట్టెలు పేరుస్తున్నారు. క్లోవిస్ మా గుమ్మం ముందు కూడా నాలుగు దుంగలు పడేశాడు. వాడి వెనకాల మనవడు చిన్న పుల్ల పట్టుకుని నడుస్తున్నాడు. సినిమా సంగతి ఊరంతా తెలిసిపోయి ఉంటుంది. క్లోవిస్ టోపీ తీసి, నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా అమ్మ సినిమా సంగతి ఎత్తలేదు. నేను అడగలేదు. ఆ సాయంత్రం బల్ల దగ్గర కూర్చుని పచ్చి మొక్కజొన్న కండెలు వలుస్తోంది. నేను తురుముతున్నాను.

"లిండా" అంది, తలెత్తకుండా. "కాసిని మంచినీళ్ళు ముంచివ్వవే."

చేతిలో కండె అలాగే ఉండిపోయింది. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో, కలల్లో. ఈ మాట వస్తే ఏడుస్తాననీ, అమ్మ కాళ్ళ మీద పడతాననీ అనుకునేదాన్ని. లేచి చేతులు కడుక్కుని, కుండలోంచి మగ్గు నిండా నీళ్ళు ముంచి తెచ్చాను. తెస్తుండగానే మనసుకి తోచింది. తప్పు నాది కాదని తేలాక అమ్మకి దాహమేసింది. నాదే అయి ఉంటే చచ్చేదాకా గోడ పట్టుకుని నడిచేదే. ఇన్నేళ్ళు నేను క్షమ కోసం ఎదురుచూశాను. అది అమ్మ దగ్గర ఎప్పుడూ లేదు.

అమ్మ చెయ్యి చాచింది. చాచి, "దాన్నేం అనకే" అంది. "పొద్దున ఫోన్లో ఒకటే ఏడుపు. నువ్వు మాట్లాడట్లేదుట. దాని తప్పేముంది చెప్పు? ఆరేళ్ళది. పసిది. దానికేం తెలుస్తుంది?"

"నాకు తొమ్మిదమ్మా" అన్నాను.

అమ్మ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. నా వైపు చూసింది. ఆ బకెట్ మొయ్యలేని పిల్ల అమ్మకి గుర్తొచ్చిందో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం గుర్తొచ్చింది. సన్నటి చేతులు, ఊడిన పాలపన్ను, తాళం మీద రెండు బొటనవేళ్ళూ పెట్టి నొక్కడం. అక్కడితో నా వల్ల కాలేదు. కన్నీళ్ళు చెంపల మీంచి కారి మగ్గులోకి కూడా పడ్డాయి.

అమ్మ గభాలున, అలవాటు కొద్దీ, పైకి చూసింది.

"ఊరుకో, ఊరుకోవే. ఏడవకు. వాడి రెక్కలు తడుస్తాయి."

"వాడి కోసం కాదమ్మా నేను ఏడుస్తున్నది" అన్నాను.

మగ్గు అమ్మ ముందు బల్ల మీద పెట్టి, గుమ్మం ముందు మంట పేర్చడానికి వెళ్ళాను.